గొంతుకు సరిపడే గిటారు

గిటారు కొనాలని యేసన్న మొదటిసారి చెప్పినప్పుడు నేను అతని చేతికి బీపీ పట్టీ చుడుతున్నాను. "ఎవరికి?" అన్నాను. "నాకే నర్సమ్మా" అన్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, తప్పెట తప్ప ఇంకో వాయిద్యం ముట్టి ఎరగని మనిషి, గిటారు కొంటానంటే నేను ముందు మిషను వైపే చూశాను. బీపీ మామూలుగానే ఉంది.

నా పేరు హేమావతి. కళ్యాణదుర్గానికి పదహారు కిలోమీటర్ల దూరంలో ఉన్న కొత్తగుట్టపల్లిలో పదకొండేళ్లుగా ఏఎన్ఎంగా పనిచేస్తున్నాను. ఊళ్లో ఎవరికి షుగరుందో, ఎవరు మాత్రలు తీసుకుని మింగకుండా పెరట్లో పారేస్తారో నాకు తెలుసు. నాకు నోరు ఎక్కువని ఊళ్లో పేరు. మాత్రలు పారేసేవాళ్లతో మెత్తగా మాట్లాడటం నాకు చేతకాదు, నేర్చుకోవాలని కూడా లేదు. యేసన్న మాత్రలు వేళకు వేసుకుంటాడు. అందుకే అతనంటే నాకు కొంచెం పక్షపాతం.

మా ఊళ్లో తప్పెట అంటే యేసన్నే. వేప చెక్కతో చట్రం తనే కట్టుకుంటాడు, మేకతోలు తనే బిగించుకుంటాడు. పెళ్లి ఊరేగింపుకూ అతనే, శవం వెంటా అతనే, జాతరకూ క్రిస్మస్‌కూ అతనే. మిగతా రోజుల్లో కూలికి పోతాడు, ఏడు మేకల్ని మేపుకుంటాడు. వానలు మొహం చాటేసి శెనక్కాయ చేలు ఎండిన ఏళ్లలో కూడా పెళ్లిళ్లూ చావులూ ఆగవు కనుక అతనికి ఏదో ఒక పని దొరికేది. ఇద్దరు ఆడపిల్లల్ని అట్లాగే పెంచి పెళ్లిళ్లు చేశాడు.

తప్పెట కొట్టే ముందు అతను చేసే పని చూడటం నాకు ఇష్టం. శెనక్కాయ పొట్టు ఇంత పోగేసి నిప్పు పెడతాడు. తప్పెట మొహాన్ని మంటకు చూపిస్తూ అటూ ఇటూ తిప్పుతాడు. చల్లగాలికి మెత్తబడి వదులైన తోలు ఆ వేడికి బిగుసుకుంటుంది. వేలితో ఒకసారి కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటాడు, చాలకపోతే ఇంకాస్త కాస్తాడు. మంట చూపించకుండా తప్పెట ముట్టుకుంటే వాళ్ల నాయన ఇతని వీపు చిట్లగొట్టేవాడట. ఎనిమిదేళ్ల వయసు నుంచీ ఆ పని చేస్తున్నాడు కనుక ఇప్పుడు చేతులే చేసుకుపోతాయి, మనిషి పక్కవాళ్లతో మాట్లాడుతూ ఉంటాడు.

ఇక నల్లమ్మ, అతని భార్య. చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. ఆదివారం పొద్దున ఆమె పాట మొదలుపెడితే రోడ్డు మీద ఆటో ఎక్కబోయేవాళ్లకు కూడా వినిపించేది. పెద్ద సొగసైన గొంతు కాదు, కానీ వెరపు లేని గొంతు. యేసన్న తప్పెట, ఆమె పాట ఒకదాని మీద ఒకటి పోటీ పడేవి. చర్చిలో మైకు చెడిపోయినా నెలల తరబడి ఎవరూ బాగు చేయించేవాళ్లు కాదు, అవసరం పడేది కాదు మరి.

మూడేళ్ల కిందట ఆమె మెడ కింద వాపు కనిపెట్టింది నేనే. "ఏం లేదు నర్సమ్మా, ఒళ్లు చేసినా" అని తప్పించుకోబోతే చెయ్యి పట్టుకుని అనంతపురం లాక్కుపోయాను. థైరాయిడ్ గడ్డ. చాలా తిరిగాక పోయిన ఏడాది ఆపరేషన్ అయింది. గడ్డ పోయింది, భయపడాల్సింది ఏమీ లేదన్నారు, కానీ గొంతు మారిపోయింది. మాట బొంగురుగా, పలచగా వస్తుంది. పాటలో స్వరం పైకి ఎక్కాల్సిన చోట గాలి మాత్రమే వస్తుంది. ఆ ఆపరేషన్‌లో ఒక్కొక్కరికి అట్లా అవుతుందని, పోయిందనుకోకుండా పాడుతూ ఉంటే కొంత తిరిగి రావచ్చని డాక్టరు చెప్పాడు.

నల్లమ్మ పాడటం మానేసింది. చర్చిలో వెనక వరుసలో గోడకు ఆనుకుని కూర్చునేది. ఎవరైనా పాట ఎత్తుకోమంటే మెడ చూపించి నవ్వేది. మూడో నెలలో డాక్టరు ఆమె పాట రికార్డు చేసి పంపమన్నాడు, గొంతు ఎంతవరకు వచ్చిందో వింటానని. నేను రెండు వారాలు బతిమాలాక, సబ్‌సెంటర్ తలుపు గడియ పెట్టి నా ఫోన్‌లో అర నిమిషం పాడింది. డాక్టరుకు తప్ప ఇంకెవరికీ వినిపించనని నా చేత ఒట్టు వేయించుకుంది. వేశాను.

యేసన్న గిటారు కథ ఇక్కడే మొదలవుతుంది. ఒక సాయంత్రం అతను మేకలు తోలుకుని ఇంటికొచ్చేసరికి లోపల నల్లమ్మ చేటలో బియ్యం చెరుగుతూ సన్నగా పాడుతూ ఉందట. అతను గుమ్మం బయటే నిలబడిపోయాడు. తర్వాత ఉండబట్టలేక, గోడకున్న తప్పెట తీసి మునివేళ్లతో ఒక్క దరువు వేశాడు. పాట తెగిపోయింది. ఆ రోజు నుంచి ఆమె ముందర అతను తప్పెట ముట్టలేదు. ఆమె పాడుతుందేమో అనిపిస్తే చాలు, మేకల్ని కూడా అదిలించకుండా కదలక మెదలక ఉండేవాడు.

"తప్పెటకు మెత్తగా పలకడం రాదు నర్సమ్మా" అన్నాడు నాతో ఆ బీపీ చూసిన రోజు. "ఎంత నిదానంగా కొట్టినా నా ఆడదాని గొంతును మింగేస్తాది. గిటారైతే కింద కింద పోతాది. ఐజాక్ వాయిస్తాంటే చూసినా. కరెంటు పోయినప్పుడు, మైకు లేకుండా."

ఐజాక్ కళ్యాణదుర్గంలో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడు, ఆదివారాలు మా చర్చికి వచ్చి గిటారు వాయిస్తాడు. వానాకాలమంతా యేసన్న సోమవారం సోమవారం అతని అంగడికి పోయి, అతని గిటారు మీదే తీగల మీద వేళ్లు పెట్టే మూడు పట్లు, అదే కార్డ్స్, నేర్చుకున్నాడట. మూడు పట్లతో చర్చి పాటలు ముప్పావు వంతు గట్టెక్కుతాయట. ఇదంతా నల్లమ్మకు తెలియదు. మేకలకు మందు తెస్తానని చెప్పి పోయేవాడు. అన్ని సోమవారాలు మందు తాగిన మేకలు బతికే ఉన్నందుకు ఆమెకు అనుమానం రావాల్సింది, రాలేదు.

"కొనేదానికి నన్నెందుకు పిలుస్తున్నావు? నాకు గిటారు గురించి ఏం తెలుసు?" అన్నాను.

"నీకు నల్లమ్మ గొంతు తెలుసు కదా" అన్నాడు.

నవంబరులో నాకు అనంతపురంలో మీటింగు ఉంది. అది ముగిసేవరకు అతను ఆఫీసు గేటు దగ్గర వేపచెట్టు కింద కూర్చున్నాడు. తర్వాత ఇద్దరం గిటార్లమ్మే అంగడికి పోయాం. ఓనరు పేరు గిరి, నలభై ఏళ్లుంటాయి. మంచివాడే, కానీ అమ్మేవాళ్లందరికీ ఉండే జబ్బు ఉంది, మనం నోరు తెరవకముందే మనకేం కావాలో తనకు తెలిసిపోతుంది.

"ఎవరికన్నా, మనవడికా?" అన్నాడు.

"నాకే" అన్నాడు యేసన్న.

గిరి క్షణం తడబడి, గోడ మీద అన్నిటికంటే పెద్దది దించాడు. "నలభై ఒక్క ఇంచీలన్నా. ప్లైవుడ్డు. ఈ దుడ్లకు ఇంత మోత ఇచ్చేది ఇంకోటి లేదు. మైకు లేకుండా హాలంతా ఇనపడతాది."

"ఇనపడకూడదప్పా."

"ఏందన్నా?"

"ఎక్కువ ఇనపడనిది చూపించు."

గిరి నా వైపు చూశాడు. ఇతనికి నేనేమవుతానో, మతి సరిగ్గా ఉన్న మనిషినే తీసుకొచ్చానో లేదో ఆ చూపులో అడిగాడు. నేను గాజుబీరువాలో ఉన్న మౌత్ ఆర్గాన్ల వైపు తిరిగాను.

తర్వాత గంటసేపు నేను చూసింది చెప్తాను. యేసన్న గిటార్లను వాయించి చూడలేదు. ఒక్కొక్కదాన్ని తీసుకుని బొటనవేలి కణుపుతో దాని పొట్ట మీద తట్టి, చెవి ఆనించి, పక్కన పెట్టాడు. "ఇది పొరలు పొరలు అతికించిన చెక్క" అన్నాడు ఒకదాన్ని. "ఇది ఒకటే పలక." ఇంకోదాన్ని. గిరి చీటీ తిప్పి చూసి, "కరెక్టే అన్నా!" అన్నాడు. అప్పటినుంచి అతని మాటలో మర్యాద పెరిగింది. కుర్చీ తెచ్చి వేశాడు. తెల్లగా ఉండే స్ప్రూస్ పలక గట్టిగా, ఖణీమని పలుకుతుందని, ఎర్రగా ఉండే మహాగని మెత్తగా, కొంచెం మూసుకున్నట్టు పలుకుతుందని, ఇనప తీగలకు మోత ఎక్కువని, నైలాన్ తీగలకు తక్కువని ఓపిగ్గా చెప్పాడు. డొక్క చిన్నదైతే శబ్దం కూడా చిన్నదే. యేసన్న అన్నీ విని, పిల్లలు వాయించే ముప్పై నాలుగు ఇంచీలది అడిగాడు. తీగ ఒకసారి మీటి, "దోమ మాదిరి ఉండాది" అని తిరిగిచ్చేశాడు.

చివరికి నాలుగు మిగిలాయి. పెద్ద ప్లైవుడ్డుది, దాన్ని గిరి ఆశ చావక అక్కడే ఉంచాడు. పెద్దదే, తెల్ల పలకది. మధ్య సైజులో ఎర్ర పలక, ఇనప తీగలది. ముప్పై ఎనిమిది ఇంచీల చిన్నది, ఒకే మహాగని పలక, నైలాన్ తీగలు. యేసన్న వాటిని వరసగా పెట్టుకుని నా వైపు తిరిగాడు.

"నర్సమ్మా, డాక్టరుకు పంపిన నల్లమ్మ పాట నీ సెల్లులో ఉండాది కదా. పెట్టు."

ఒట్టు నాకు గుర్తుంది. గుర్తు లేదని అబద్ధం చెప్పను. కానీ అనంతపురంలో, బజారు అంగట్లో, ఆమెను ఎరిగినవాళ్లు ఎవరున్నారులే అనుకున్నాను. మంచికే కదా అని కూడా అనుకున్నాను. నా ఉద్యోగంలో ఇట్లాంటివి అనుకోవడం అలవాటైపోతుంది. ఫోను గాజుబల్ల మీద పెట్టి నొక్కాను.

అర నిమిషం పాట. అంగట్లో తీగలు కొనడానికి వచ్చిన ఇద్దరు కాలేజీ పిల్లలు మాటలు ఆపి విన్నారు. యేసన్న పెద్దదాన్ని తీసుకుని పాట కింద మెత్తగా మీటాడు. నల్లమ్మ గొంతు ఎక్కడా లేదు. మళ్లీ పెట్టమన్నాడు. తెల్ల పలకది, అదీ అంతే. మధ్యదానిలో గొంతు వస్తూ పోతూ ఉంది. చిన్నదాన్ని తీసుకున్నాడు. ఈసారి మొదటి నుంచి చివరిదాకా, గాలి మాత్రమే వచ్చే చోట్లతో సహా, నల్లమ్మ గొంతు పైన ఉంది, గిటారు దాని కింద ఉంది. అతను కళ్లు మూసుకున్నాడు.

"ఇదే" అన్నాడు.

వెల ఎనిమిది వేల రెండు వందలు. రెండు మేకపోతుల్ని అమ్మి తెచ్చుకున్నాడు. గిరి దాన్ని సంచీలో పెడుతూ జాగ్రత్తలు చెప్పాడు. "ఇది ఒకే చెక్కన్నా. ప్లైవుడ్డు అయితే ఎట్ల పెట్టినా పడుంటాది. దీనికి మన గాలి పనికిరాదు, తడి ఉండదు కదా, పగుల్తాది. ఎండలో పెట్టొద్దు. వాయించినాక సంచీలో పెట్టేయి."

"మా ఊర్లో కాళ్ల మడమలే పగుల్తాయి, చెక్క పగలదా" అన్నాడు యేసన్న. ఊరికి పోయేదాకా బస్సులో దాన్ని ఒళ్లోనే పెట్టుకున్నాడు.

ఇంటికి తీసుకుపోతే నల్లమ్మకు తెలిసిపోతుందని గిటారును సబ్‌సెంటర్లో నా మందుల బీరువా పక్కన పెట్టాడు. క్రిస్మస్‌కు ముందు ఒక పొద్దున ఆమెను అక్కడికే పిలిచి, తలుపు మూసి, ఆమె రికార్డుకు పాడిన పాటే వాయించి వినిపించాలని అతని ఆలోచన. పాడమని అడగడట. వాయిస్తూ ఉంటాడట, ఆమె పాడితే పాడుతుంది. నెల రోజులు నా మధ్యాహ్నం అన్నం ఆ మూడు పట్ల మధ్యే తిన్నాను.

అనుకున్న రోజు వచ్చింది. డిసెంబరు మూడో వారం, మంచు పట్టి రోడ్డు కూడా కనబడని పొద్దు. నల్లమ్మ ప్రతి బుధవారం థైరాయిడ్ మాత్రలకు వస్తుంది, ఆ రోజు బుధవారం. నేను లోపల టీకాల పెట్టె సర్దుకుంటున్నాను. యేసన్న గిటారు తీసి మీటాడు. తీగలన్నీ వదులై శ్రుతి దిగజారి ఉన్నాయి. బిగించాడు. మధ్యాహ్నాల్లో బిగిస్తే నిలిచేవి, ఈ పొద్దు ఐదు నిమిషాలకే మళ్లీ దిగాయి. కొత్త నైలాన్ తీగలు చాలా రోజులు సాగుతూనే ఉంటాయట, ఈ సంగతి మాకు తర్వాత గిరి చెప్పాడు. అప్పుడు యేసన్నకు తెలిసింది ఒక్కటే. చలికి మెత్తబడింది.

నేను బయటికి వచ్చేసరికి సబ్‌సెంటర్ వెనక శెనక్కాయ పొట్టు మండుతోంది. యేసన్న గొంతుకూర్చుని గిటారు మెడ పట్టుకుని, దాని ఎర్రటి మొహాన్ని మంటకు చూపిస్తూ అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఒకసారి తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. చాలలేదేమో, ఇంకాస్త దగ్గరగా పట్టాడు. "యేసన్నా, ఏం చేస్తున్నావయ్యా!" అని నేను అరిచేలోపే టక్కుమని శబ్దం వచ్చింది. తీగలు కట్టే చెక్కముక్క జిగురు కరిగి ఊడి, ఆరు తీగలతో సహా ఎగిరి అతని మోచేతికి తగిలింది. పలక మీద రంగు బొబ్బలెక్కింది.

ఎండలో పెట్టవద్దని గిరి చెప్పాడు. మంట దగ్గర పెట్టవద్దని చెప్పలేదు. ఎందుకు చెప్తాడు, గిటారును చలి కాచేవాడు ఒకడుంటాడని అతను కలగన్నాడా?

నాకు కోపం వచ్చింది, నవ్వు కూడా వచ్చింది. అతని మొహం చూశాక రెండూ పోయాయి. అదే సమయానికి నల్లమ్మ వచ్చింది. మంట, మొగుడు, అతని ఒళ్లో వేలాడుతున్న తీగలు, అన్నీ చూసింది.

"ఇది ఎవరిది?" అంది.

"నాదే" అన్నాడు. తర్వాత, "నీ కోసరం" అన్నాడు.

ఇంకేం వాయిస్తాడు, ఇంకేం దాస్తాడు! సోమవారాల సంగతి, మేకపోతుల సంగతి, అన్నీ అక్కడే మంట పక్కన కూర్చుని చెప్పేశాడు. ఫోను సంగతి మాత్రం చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నల్లమ్మ ఆసాంతం వింది. మాత్రలు తీసుకుని కొంగుకు ముడేసుకుంది. "శుక్రవారం నాకు రక్తపరీక్ష ఉండాది కదా. దీన్ని కూడా తీసుకోని రా, బాగు చేస్తారేమో అడుగుదాం" అని వెళ్లిపోయింది.

శుక్రవారం ముగ్గురం పోయాం. పరీక్ష అయ్యాక గిరి అంగట్లో అడుగుపెట్టాం. యేసన్న సంచీ విప్పాడు. గిరి గిటారును చూసి, ఊడిన ముక్కను చూసి, బొబ్బల్ని చూసి, "ఏం చేసినావన్నా దీన్ని?" అన్నాడు.

"కాచినాడు. తప్పెట మాదిరి" అంది నల్లమ్మ, తన బొంగురు గొంతుతో.

గిరి తలెత్తి ఆమెను చూశాడు. అతని మొహం వెలిగింది. "అక్కా, ఆ సెల్లులో పాట మీదే కదా! గుర్తుపట్టినా. ఆ పొద్దు ఎన్నిసార్లు విన్నామో, కాలేజీ పిల్లోళ్లు కూడా నిలబడి విన్నారు" అన్నాడు, ఎంతో సంతోషంగా.

నల్లమ్మ గిరిని చూడలేదు. నా వైపు తిరిగింది. పదకొండేళ్లలో ఊళ్లో నన్ను తిట్టినవాళ్లు చాలామంది ఉన్నారు, నేను లెక్కచేయలేదు. ఆమె తిట్టలేదు.

"ఒట్టు పెట్టినావే నర్సమ్మా" అంది.

"తప్పు చేశాను నల్లమ్మక్కా" అన్నాను. ఆ మాట అనడం నాకు సులువు కాదు, కానీ ఇంకో మాట లేదు.

"ఆ యమ్మను ఏమనొద్దు మే" అన్నాడు యేసన్న. "నేనే పెట్టమన్నా. నీ గొంతు పైకి ఇనపడేది యాదో తెలుసుకోవాలని. తక్కినవన్నీ నీ గొంతును మింగేస్తాండె. ఇదొక్కటే మింగలేదు."

"మింగేదే కావాల" అంది నల్లమ్మ.

అతనికి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"ఆపరేషన్ అయి పద్నాలుగు నెలలు" అంది. మాట మాటకూ ఊపిరి తీసుకుంటూ చెప్పింది. "నేను నోరు తెరిస్తే చాలు, చర్చిలో అందరూ నోరు మూసుకుంటారు. పాపం నల్లమ్మ పాడతాంది, ఇందాం అని. నువ్వు తప్పెట కింద పెడతావు. ఇంట్లో ఒక ముక్క పాడుకుంటే గుమ్మం బయట ఊపిరి బిగబట్టి నిలబడతావు, నాకు తెలీదా? ఒక్కసారి దరువేసినావు. అమ్మయ్య, ఈయప్ప కొడతాండాడు, ఇంక పాడొచ్చు అనుకుని ఊపిరి తీసుకునేలోపల నువ్వే నిలిపేస్తివి. అంతమంది చెవులు పెట్టుకోని కూర్చుంటే పగిలిన గొంతుతో ఎవరు పాడతారప్పా? ముందర నేను ధైర్యంగా పాడింది గొంతు బాగుండి కాదు. నీ మోతలో తప్పులు ఇనపడవని."

ఆ దరువుకే ఆమె పాట ఆపిందని యేసన్న ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఆ ఒక్క పొరపాటు మీద గిటారు ఎంచాడు, పట్లు నేర్చాడు, మేకపోతుల్ని అమ్మాడు. నేను కూడా అంతే. ఆమె మెడ, ఆమె మాత్రలు, ఆమె రక్తపరీక్షలు అన్నీ నా రిజిస్టర్లో ఉన్నాయి. నీకేం కావాలి నల్లమ్మక్కా అని మాత్రం ఈ పద్నాలుగు నెలల్లో ఒక్కసారి అడగలేదు. సిగ్గనిపించింది.

నల్లమ్మ గిరిని అడిగింది. "ఆ పొద్దు ఈయప్ప వద్దన్నది యాది?"

గిరి నలభై ఒక్క ఇంచీల ప్లైవుడ్డుది దించాడు. "ఇదక్కా. దీని మోతకు పక్కంగడివాళ్లు కూడా తిడతారు" అన్నాడు. చిన్నదాని కంటే చాలా చౌక. కాలినదాన్ని తను అతికించి అమ్ముకుంటానని, దాని బదులు ఇది పట్టుకుపొమ్మని కూడా అన్నాడు. ఎండైనా చలైనా దీనికేం కాదని చెప్పబోయి, యేసన్న వైపు చూసి, "మంట మాత్రం వద్దన్నా" అని కలిపాడు.

యేసన్న దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. అతనికి అది పెద్దది, చెయ్యి దాని చుట్టూ తిప్పడానికి భుజం ఎత్తాల్సి వచ్చింది. వేళ్లు మొదటి పట్టు మీద పెట్టి మెత్తగా మీటాడు.

"అట్ల కాదు" అంది నల్లమ్మ. "కొట్టు."

కొట్టాడు. గాజుబల్ల అద్దం గలగలమంది. రోడ్డు మీద పోయేవాళ్లు లోపలికి తొంగిచూశారు. నల్లమ్మ మాకు వీపు పెట్టి, డ్రమ్ములు పేర్చిన గోడ వైపు తిరిగి నిలబడింది. తర్వాత ఆమె మెడ నరాలు కదలడం పక్కనుంచి నాకు కనిపించింది. భుజాలు పైకి లేచి దిగుతున్నాయి. పాడుతోంది. ఏ పాటో తెలియలేదు, ఒక్క మాట కూడా వినిపించలేదు. చరణం దాటి ఇంకో చరణంలోకి పోయినట్టుంది, యేసన్న పట్టు మార్చాడు. నేను వినాలని ఒక అడుగు ముందుకు వేసి, మళ్లీ వెనక్కి వచ్చేశాను.

ఒకచోట ఆ మోత మీదుగా ఆమె గొంతు పైకి రాబోయింది, సన్నగా, చీలికగా. యేసన్న కూడా విన్నాడు, అతని తల కదిలింది. పద్నాలుగు నెలలు ఆ గొంతు కోసమే చెవులు రిక్కించిన మనిషి కదా, చెయ్యి ఆపేస్తాడేమో అని భయపడ్డాను. అతను ఆపలేదు. ఇంకా గట్టిగా కొట్టాడు.